నీళ్లు, నూనె, నెత్తి

దుబాయిలో కొత్తగా దిగిన తెలుగువాడికి మొదటి నెలలోనే మూడు సలహాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి, షార్జాలో ఇల్లు, దుబాయిలో ఉద్యోగం పెట్టుకోకు, సగం జీవితం ట్రాఫిక్కులోనే గడిచిపోతుంది. రెండు, డ్రైవింగు లైసెన్సు సంగతి వెంటనే చూసుకో. మూడు, ఇక్కడి నీళ్లతో తలస్నానం చెయ్యకు, ఏడాది తిరిగేసరికి బట్టతల ఖాయం. మొదటి రెండిటితో నాకే పేచీ లేదు. ఇవాళ్టి గోలంతా మూడోదాని గురించే.

ఈ మూడో సలహాకి ఉన్న పలుకుబడి సామాన్యమైంది కాదండీ. తాగడానికి తెప్పించుకునే అయిదు గ్యాలన్ల సీసా నీళ్లు వేడి చేసుకుని మరీ తల రుద్దుకునేవాళ్లని నేనెరుగుదును. షవరుకి ఫిల్టరు బిగించుకున్నవాళ్లయితే లెక్కే లేదు. సెలవుకి ఊరెళ్లినప్పుడు ఎవరైనా "ఏంట్రా, నెత్తి అలా అయిపోయింది?" అంటే, "అక్కడి నీళ్లండీ" అంటే చాలు. పాపం అని నిట్టూరుస్తారే గానీ రెండో ప్రశ్న వెయ్యరు.

రెండో ప్రశ్న నేను వేసుకున్నాను. దుబాయి కుళాయిల్లో వచ్చే నీళ్లు దాదాపు అన్నీ సముద్రపు నీళ్లని శుద్ధి చేసి పంపేవే. జెబెల్ అలీ దగ్గర ఉంది ఆ భారీ ఏర్పాటంతా. చాలాకాలంగా అక్కడ వాడిన పద్ధతి మనం బళ్లో చదువుకున్నదే: సముద్రపు నీళ్లని కాచి, ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టడం. ఈ మధ్య దానికి తోడు పొరల గుండా ఒత్తిడితో నెట్టే రివర్స్ ఆస్మోసిస్ పద్ధతి కూడా పెరుగుతోంది. ఎలా చేసినా బయటికొచ్చే నీళ్లలో లవణాలు ఎంత తక్కువగా ఉంటాయంటే, పైపులు తినేస్తాయని భయపడి తిరిగి కాస్త ఖనిజాలు కలిపి పంపిస్తారు. మా ఊళ్లో బోరు నీళ్లు పట్టిన బకెట్టు అంచున వారానికే తెల్లటి చారలు కట్టేవి. మా నాయనమ్మ ఆ నీళ్లతోనే కుంకుడుకాయ రసం పెట్టుకుని, ఎనభై ఏళ్లకి కూడా పిడికెడు జడ వేసుకునేది.

పోనీ, ఉప్పు నీళ్లూ గరుకు నీళ్లూ జుట్టుని ఏమైనా చేస్తాయా? కోయంబత్తూరు వైద్యులు కొందరు వెంట్రుకల్ని గరుకు నీళ్లలోనూ స్వేదనజలంలోనూ విడివిడిగా నానబెట్టి, లాగి, సాగదీసి చూశారు. 2013లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం బలంలో గానీ సాగుడులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. క్లోరినూ, ఆగస్టు నెలలో చన్నీళ్ల కుళాయి తిప్పినా మరిగినట్టు వచ్చే డాబామీది ట్యాంకు నీళ్లూ జుట్టుని పొడిబార్చి చిట్లగొట్టొచ్చు, కాదనను. కానీ చిట్లడం వేరు, కుదురుతో ఊడడం వేరు. దువ్వెనలో వచ్చిన వెంట్రుక చివర తెల్లటి చిన్న గుండుసూది తలలాంటిది కనిపిస్తే అది కుదురు నుంచి వచ్చింది. లేకపోతే మధ్యలో తెగింది. ఈ ఒక్కటీ చూసుకుంటే నీళ్ల మీద సగం కేసు కొట్టేసినట్టే.

మరి ఇంతమందికి ఇక్కడికొచ్చాకే ఎందుకు ఊడుతోంది? ఎందుకంటే మనవాళ్లు ఇక్కడికొచ్చేది పాతికకీ ముప్పయ్యయిదుకీ మధ్య. మగవాళ్లకి వంశపారంపర్యంగా వచ్చే బట్టతల బయటపడేది కూడా సరిగ్గా అప్పుడే. గుంటూరులో ఉన్నా ఊడేదే, పేరు మాత్రం దుబాయికి వచ్చింది. నీళ్లని అనుమానించడం మనకి అలవాటు. 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో కొన్ని ఊళ్ల జనానికి ఉన్నట్టుండి కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడిపోయినప్పుడూ మొదట అందరూ వేలు చూపించింది నీళ్ల వైపే. తరవాత డాక్టర్ హిమ్మత్‌రావు బవాస్కర్ అక్కడి నమూనాలు పరీక్ష చేయించి, రేషను గోధుమల్లో సెలీనియం మోతాదుకి మించి ఉందని చెప్పారు.

ఇదంతా నాకు కాలక్షేపం కబుర్లే అయ్యుండేవి, మా చిన్నాన్న కొడుకు లేకపోతే. వాడికి ఇరవయ్యేడు. జెబెల్ అలీలో ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు. ఇంటికి పంపగా మిగిలేది తక్కువ. ఊళ్లో సంబంధాలు చూస్తున్నారు. రెండు చోట్ల ఫోటో వెళ్లాక కబురు రాలేదు. జుట్టు వల్లేనని ఎవరూ అనలేదు గానీ, వాడు అదేనని తీర్మానించేసుకున్నాడు. ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి, "అన్నయ్యా, బ్యాంకులో లోను తీసుకుని జుట్టు నాటించుకుంటాను, నువ్వు గ్యారంటీ సంతకం పెట్టాలి" అన్నాడు. ఒక క్లినిక్కువాళ్లు 11,000 దిర్హాములన్నారట, ఈ వారంలో కడితే 9,500కే చేస్తామన్నారట. సర్జరీకి పండగ ఆఫరేమిట్రా అంటే నవ్వలేదు. దాంతో నాకు విషయం ఎంత దూరం వెళ్లిందో అర్థమైంది.

సరే, నా వృత్తి సలహాలు చెప్పుకుని బతకడమే కదా. క్లయింటు నాలుగు సాఫ్ట్‌వేర్లు చూపించి ఏది కొనమంటావంటే మేము పట్టిక గీస్తాం. అలాగే ఇద్దరం కూర్చుని జుట్టు మందులకి పట్టిక గీశాం. నిలువు గళ్లు మూడే. ఇది ఏ రకం జుట్టు ఊడడానికి? దేంతో పోల్చి పనిచేసిందన్నారు? వాడడం మానేస్తే ఏమవుతుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని మందు ఎంత అందమైన సీసాలో ఉన్నా మాకొద్దు.

మొదటి గడి దగ్గరే మనవాళ్లు ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. జుట్టు ఊడడం అంటే ఒకే జబ్బనుకుంటాం. తెలుగులోనే చూడండి, బట్టతల అని ఒక మాట, పేనుకొరుకుడు అని ఒక మాట ఉన్నాయి. రెండూ వేరువేరు. పేనుకొరుకుడులో రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడుతుంది. పేనుకీ దానికీ సంబంధం లేదు, మన ఒంటి రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్ల మీద పడుతుంది. చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది కూడా. బాగా ముదిరినవాళ్లకి బారిసిటినిబ్ అనే మాత్రని 2022లో అమెరికాలో ఆమోదించారు. ఇక ఉల్లిపాయ రసం కథ. 2002లో బాగ్దాదు వైద్యులు 23 మందికి రోజూ రెండుసార్లు ఉల్లిరసం రాయించారు, ఇంకో 15 మందికి ఉత్త కుళాయి నీళ్లు. ఆరు వారాలకి రసం రాసినవాళ్లలో 20 మందికి, నీళ్లు రాసినవాళ్లలో ఎనిమిది వారాలకి ఇద్దరికి జుట్టొచ్చింది. చిన్న పరీక్షే అయినా మాట్లాడుకోదగ్గది. కానీ వాళ్లందరికీ ఉన్నది పేనుకొరుకుడు. మనవాళ్లు ఆ ముక్క వదిలేసి, బట్టతలకి ఉల్లిపాయ నూనె అని సీసాల మీద సీసాలు కొంటున్నారు!

ఇంకో రకం ఉంది, దానికి తెలుగులో పేరు లేదు గానీ ప్రతి ఇంట్లోనూ అనుభవం ఉంది. పెద్ద జ్వరమో, కాన్పో, ఆపరేషనో, బాగా మనోవ్యధో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి తల నిండా జుట్టు రాలుతుంది. దీని లెక్క తమాషాగా ఉంటుంది. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలు. ఒక్కోటీ కొన్నేళ్లు పెరిగి, మూడు నెలలపాటు విశ్రాంతి తీసుకుని, రాలి, దాని చోట కొత్తది మొలుస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ రోజుకి 50 నుంచి 100 దాకా రాలతాయి. ఒంటికి దెబ్బ తగిలినప్పుడు బోలెడు వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోయి, మూడు నెలలు ఆగి ఒకేసారి రాలతాయి. కుదుళ్లు చెక్కుచెదరవు కాబట్టి ఆరు నెలల్లో చాలావరకు తిరిగొచ్చేస్తాయి.

మా ఆవిడకి పాప పుట్టిన మూడో నెలలో ఇలాగే జరిగింది. బాత్రూములో జుట్టు చూసి ఏడ్చినంత పని చేసింది. డాక్టరమ్మ ఏమీ అక్కర్లేదు, తిరిగొస్తుంది అంది. మా అత్తగారు ఊరుకోలేదు. గుంటగలగరాకు నూరి కొబ్బరినూనెలో కాచి, అయిదు సీసాలు సూట్‌కేసులో వేసి పంపించింది. రాసుకుంది. ఆరు నెలలకి జుట్టొచ్చింది. ఇప్పుడు మా వీధిలో ఎవరికి కాన్పయినా ఆ నూనె గొప్పతనం చెబుతుంటారావిడ. నేను నోరు మెదపను, ఇల్లు ముఖ్యం. (గుంటగలగరాకు మీద ఎలుకల్లో చేసిన పరీక్షలున్నాయి. ఎలుకలకి ఫలితం బాగానే ఉందట.) కానీ జరిగింది మాత్రం గమనించండి. దానంతటదే తగ్గే జబ్బుకి, తగ్గే సమయానికి చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది. లోకంలో ఉన్న సగం కేశవర్ధని నూనెల కీర్తి ఇలా సంపాదించిందే.

అందుకే రెండో గడి: దేంతో పోల్చారు? ఇక్కడ నాకు బాగా నచ్చిన అంకెలు ఫినాస్టెరైడ్‌వి. అసలిది ప్రొస్టేటు గ్రంథి వాపు కోసం 1992లో వచ్చిన మందు. బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రగా 1997లో ఆమోదం దొరికింది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను డీహెచ్‌టీగా మారితే, వంశంలో ఆ గుణం ఉన్నవాళ్ల కుదుళ్లు దాని ధాటికి చిక్కి సన్నబడతాయి. ఆ మార్పిడిని ఈ మాత్ర అడ్డుకుంటుంది. 1998లో అచ్చయిన పరీక్షలో 1,553 మంది మగవాళ్లున్నారు. నడినెత్తి మీద అంగుళం వ్యాసం ఉన్న వలయం గీసి వెంట్రుకలు లెక్కపెట్టారు. మొదట్లో సగటున 876. ఏడాదికి మందు మింగినవాళ్లకీ ఉత్త బిళ్ల మింగినవాళ్లకీ మధ్య తేడా 107 వెంట్రుకలు, రెండేళ్లకి 138. ఫోటోలు చూసి మెరుగైందని నిపుణులు చెప్పింది మందువాళ్లలో రెండేళ్లకి 66 శాతం మందికి, ఉత్త బిళ్లవాళ్లలో 7 శాతం మందికి.

ఆ 7 శాతాన్ని మర్చిపోకండి. ఏ మందూ లేని బిళ్ల మింగినా నూటికి ఏడుగురికి మెరుగైనట్టు నిపుణుల కంటికే కనిపించింది. ఆ ఏడుగురి ఫోటోలు తీసుకుని మన అమీర్‌పేటలో ఒక క్లినిక్కు తెరిచెయ్యొచ్చు!

"అయితే అదే వాడతాను" అన్నాడు మా వాడు. ఆగు అన్నాను. అదే పరీక్షల్లో మొదటి ఏడాది లైంగిక సమస్యలు చెప్పినవాళ్లు మందు వైపు 3.8 శాతం, ఉత్త బిళ్ల వైపు 2.1 శాతం. తేడా చిన్నదే. మానేశాక ఎక్కువమందికి తగ్గుతుంది. కానీ కొందరికి మానేశాక కూడా ఇబ్బంది మిగిలిందని ఫిర్యాదులు రావడంతో 2012లో అమెరికాలో ఆ సంగతి మందు కాగితం మీదే రాయించారు. 2025లో ఐరోపా మందుల సంస్థ, ఆత్మహత్య ఆలోచనలు రావడాన్ని ఈ మాత్రల దుష్ఫలితాల్లో ఒకటిగా ఖరారు చేసింది. ఎంతమందికన్నది తేలలేదు, అరుదేనంటున్నారు. వాడుతూ మనసు దిగాలుగా అనిపిస్తే మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలని చెబుతున్నారు. గర్భిణులు విరిగిన మాత్రని చేత్తో ముట్టుకోకూడదు, కడుపులో మగశిశువుకి ప్రమాదం. వాడు కాసేపు ఊరుకుని, "పెళ్లి కావాల్సినవాణ్ణి, జుట్టు కోసం ఇది మింగమంటావా అన్నయ్యా?" అన్నాడు. ఆ ప్రశ్నకి పట్టికలో గడి లేదు. నీ భయం కూడా లెక్కలోకి వస్తుంది, డాక్టరుతో ఈ మాటే మొహమాటం లేకుండా అడుగు, అని మాత్రం చెప్పాను.

తరవాతది మినాక్సిడిల్. ఇది బీపీ మాత్రగా పుట్టింది. వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు మొలవడంతో కంపెనీ దృష్టి మళ్లి, తలకి రాసుకునే ద్రవంగా చేశారు. 1988లో అమెరికాలో ఆమోదించారు. 2002 నాటి ఒక పరీక్షలో 393 మంది మగవాళ్లకి 48 వారాలు రాయించారు. చదరపు సెంటీమీటరుకి 5 శాతం మందుతో సగటున 18.6 వెంట్రుకలు, 2 శాతంతో 12.7, మందు లేని ద్రవంతో 3.9 పెరిగాయి. చూశారా, ఇక్కడా ఉత్త ద్రవానికి సున్నా రాలేదు. మొదటి నెలన్నరలో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది, పాతవి కొత్తవాటికి దారి ఇవ్వడమే అది. చాలామంది సరిగ్గా అప్పుడే భయపడి సీసా అవతల పారేస్తారు. మూడు నాలుగు నెలలకి గానీ పని కనిపించదు. ఈ మధ్య దీన్నే తక్కువ మోతాదులో మాత్రగా కూడా ఇస్తున్నారు. 2024లో అచ్చయిన ఒక చిన్న పరీక్షలో 5 మిల్లీగ్రాముల మాత్రకీ రోజుకి రెండుసార్లు రాసుకునే 5 శాతం ద్రవానికీ 24 వారాలకి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బీపీ మందు కాబట్టి డాక్టరు లేకుండా మాత్ర జోలికి వెళ్లకూడదు.

మూడో గడిలో ఈ రెండు మందులదీ ఒకటే జవాబు: మానేస్తే కొన్ని నెలల్లో నిలబెట్టుకున్నదంతా పోతుంది. సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే ఇది కొనుగోలు కాదు, చందా. నెలకి ఎంతవుతుంది అని కాకుండా, ఇరవై ఏళ్లకి ఎంతవుతుంది అని గుణించుకుని మొదలుపెట్టాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రోజ్‌మేరీ నూనె మినాక్సిడిల్‌కి సమానమని వాట్సాపులో తిరుగుతోంది కదా, అది 2015లో ఇరాన్‌లో 100 మంది మీద చేసిన పరీక్ష. పోల్చింది 2 శాతం మందుతో. ఉత్త నూనె రాసిన గుంపు లేనే లేదు. బయోటిన్ మాత్రలు ఒంట్లో దాని లోపం ఉంటేనే పనికొస్తాయి, ఆ లోపం అరుదు. పైగా అవి వేసుకుంటే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల అంకెలు తప్పుగా రావచ్చని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. జుట్టెందుకు ఊడుతోందో తెలుసుకోవడానికి చేసే పరీక్షనే జుట్టు మాత్ర పాడుచేస్తుందన్నమాట! మన రక్తమే తీసి, గిర్రున తిప్పి, తలలో పొడిచే పీఆర్‌పీ కొందరికి మేలు చేస్తోందంటున్నారు గానీ, ఒక్కో చోట ఒక్కో పద్ధతి, కాబట్టి ఒకరి ఫలితం చూసి ఇంకొకరిది చెప్పలేం. విగ్గు నిజాయితీ గల వైద్యం: పెట్టుకున్న రోజు పూర్తిగా పనిచేస్తుంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో, జూలై ఉక్కపోతలో జిగురు ఎంతసేపు నిలుస్తుందో మాత్రం పెట్టుకున్నవాళ్లనే అడగాలి.

గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్నది మన సొంత సిద్ధాంతం. తిరుమల కల్యాణకట్టలో రోజుకి వేలమంది గుండు చేయించుకుంటారు. అందులో బట్టతల పోయి జుట్టుతో తిరిగొచ్చినవాడు ఒక్కడున్నా ఈపాటికి స్థలపురాణంలో ఎక్కేవాడు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చెప్పింది, గొరిగితే వెంట్రుక లావుగానూ పెరగదు, వేగంగానూ పెరగదని. కోసిన చివర మొండిగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే.

ఇక మా వాడు అడిగిన నాట్లు. మాట మాత్రం మన వ్యవసాయంలోంచి తెచ్చుకున్నట్టే ఉంటుంది, పని కూడా అంతే. తల వెనకభాగంలో కుదుళ్లకి డీహెచ్‌టీ అంటే లెక్కలేదు. వాటిని తీసి ముందు నాటినా ఆ గుణం పోదు. న్యూయార్కు డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రచురించిన ఈ సంగతి మీదే ఈ వ్యాపారమంతా నిలబడింది. బాగా చేస్తే బాగా పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. నాటినవి కొన్ని వారాల్లో రాలిపోయి, మూడు నాలుగు నెలలకి మళ్లీ మొలిచి, పూర్తి ఫలితం కనిపించేసరికి ఏడాది పడుతుంది. అంటే వచ్చే నెల పెళ్లిచూపులకి పనికిరాదు!

కానీ నారుమడి చిన్నది. వెనక ఉన్న కుదుళ్లు కొన్ని వేలు, తీసినచోట మళ్లీ మొలవవు. ఇరవయ్యేడేళ్లకే ముందు వరసలో అన్నీ నాటేస్తే, అసలు జుట్టు వెనక్కి జరుగుతూ పోతుంది, నాటింది మాత్రం సముద్రంలో దీవిలా ముందు నిలబడిపోతుంది. అప్పుడు పూడ్చడానికి నారు ఉండదు. అలా కాకుండా ఉండాలంటే ఉన్న జుట్టు నిలబెట్టుకునే మందు ఎలాగూ వాడాలి. క్లినిక్కువాళ్లు వాడికి ఈ ముక్క చెప్పలేదు. ఎన్నేళ్లవాడివని కూడా అడగలేదట. ఇంకోటి, ఇది ఆపరేషను. 2022లో మన నేషనల్ మెడికల్ కమిషన్, యూట్యూబు చూసీ వర్క్‌షాపుల్లో చూసీ నేర్చుకున్నది ఇలాంటి పనికి చాలదని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. దుబాయిలో డాక్టరుకి లైసెన్సు ఉందో లేదో హెల్త్ అథారిటీ జాబితాలో చూసుకోవచ్చు. హైదరాబాదులో అయినా, ఇస్తాంబుల్‌లో అయినా కత్తి ఎవరి చేతిలో ఉంటుంది, ఎన్ని గంటలుంటుంది అని ముందే అడగాలి.

అన్నట్టు, మన దేశంలో ఏ మందూ బట్టతల నయం చేస్తానని చెప్పుకోకూడదని చట్టమే ఉంది. 1945 నాటి డ్రగ్స్ నియమాల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది, అందులో బట్టతల పేరు స్పష్టంగా రాసి ఉంటుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు బస్టాండు గోడల మీద పోస్టర్లు చదువుతూ ఈ సంగతి గుర్తుచేసుకోండి, మంచి కాలక్షేపం.

మా వాడి సంగతి ముగిస్తాను. లోను కాగితం పక్కన పెట్టి, 11,000 దిర్హాముల్లో చిన్న వాటా ఖర్చుతో చర్మవ్యాధుల డాక్టరుకి చూపించాం. ఆయన మొదట అడిగింది, ఈ ఆర్నెల్లలో జ్వరమేమైనా వచ్చిందా అని. వచ్చింది. ఆగస్టులో ఊరెళ్లినప్పుడు డెంగీ, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నవంబరులో జుట్టు రాలడం మొదలైంది. ఇద్దరికీ తోచలేదు, మూడు నెలల ఎడముంటే ఎవరికి తోస్తుంది చెప్పండి. ఇనుము, థైరాయిడు, విటమిన్ డి పరీక్షలు చేయించారు. డి తక్కువగా ఉంది. ఎండలో బతుకుతూ ఎండ తగలకుండా బతికే ఈ ఊళ్లో అది మామూలే. కణతల దగ్గర పల్చబడింది మాత్రం వంశం వాటా. మేనమామ పోలిక అంటారు కదా, అందులో కొంత నిజముంది, ఒక ముఖ్యమైన జన్యువు తల్లి వైపు నుంచే వస్తుంది. మావాడి మేనమామది అద్దంలాంటి తల. అంటే రెండు జబ్బులు ఒకేసారి. ఒకటి దానంతటదే పోతుంది, రెండోది పోదు.

డాక్టరు చెప్పినట్టు 5 శాతం మినాక్సిడిల్ మొదలుపెట్టాడు. ఫినాస్టెరైడ్ ప్రస్తుతానికి వద్దనుకున్నాడు. నేను చెప్పిన షరతులు రెండే. ప్రతి నెల ఒకటో తారీఖున, అదే బాత్రూములో, అదే లైటు కింద, పొడి తలతో ఫోటో తియ్యాలి. ఒకేసారి రెండు మందులు మొదలుపెట్టకూడదు. ప్రొడక్షన్‌లో ఒకే రాత్రి మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో, ఏది కొంప ముంచిందో దేవుడికి కూడా తెలియదు. ఎనిమిది నెలలైంది. గంపెడు రాలడం ఆగిపోయింది. నడినెత్తి నిండినట్టే ఉంది, అందులో మందు వాటా ఎంతో, డెంగీ వదలడం వాటా ఎంతో చెప్పలేం. కణతలు ఉన్నచోటే ఉన్నాయి, వెనక్కి జరగలేదు. నాట్ల సంగతి ముప్పయి దాటాక చూస్తానన్నాడు. పెళ్లిళ్ల పేరయ్యకిచ్చిన పాత ఫోటో, డిగ్రీ చదివేటప్పటిది, వెనక్కి తీసుకుని ఇప్పటిది పంపించాడు. సంబంధం ఇంకా కుదరలేదు. చూసి వద్దనేవాళ్లు ముందే వద్దంటారు, మంచిదే కదా అన్నయ్యా, అన్నాడు మొన్న. ఆ మాట ఏ డాక్టరూ చెప్పింది కాదు.

ఇది చదివి మీ అమ్మగారు పంపిన నూనె సీసా పారేస్తారేమో, ఆ పని చెయ్యకండి. ఆదివారం పూట నూనె రాయించుకుని, కుంకుడు రసంతో కళ్లు మండించుకుని, సాంబ్రాణి పొగ పట్టుకుని, పప్పుచారుతో అన్నం తిని పడుకుంటే వచ్చే నిద్ర ఏ మందుల షాపులోనూ దొరకదు. రాసుకోండి. పట్టికలో మాత్రం రాయకండి. నీళ్లంటారా, కుళాయి తిప్పి హాయిగా తలస్నానం చెయ్యండి. ఆగస్టులో అయితే తెల్లవారుజామునే.